పాత పారఫిన్ బ్లాకుల్లో హెపటైటిస్ సి వైరస్ దొరుకుతుందా?

రేపటి_థీసిస్:
అందరికీ నమస్కారం. నేను మైక్రోబయాలజీలో పరిశోధన విద్యార్థినిని. మా కళాశాల పాథాలజీ విభాగంలో చాలా ఏళ్లనాటి కాలేయ బయాప్సీ బ్లాకులు (ఫార్మలిన్‌లో ఉంచి పారఫిన్ మైనంలో పొదిగిన కణజాలం) ఉన్నాయి. కొన్ని రక్తపరీక్షలో హెపటైటిస్ సి తేలినవారివి. ఇంకొన్నింటి రిపోర్టులో ‘కారణం తెలియని దీర్ఘకాలిక హెపటైటిస్’ అని రాసి వదిలేశారు. ఈ రెండో రకం బ్లాకుల్లో వైరస్ ఆర్‌ఎన్‌ఏ ఉందేమో వెతకమని మా గైడు గారు అంటున్నారు. ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ (యాంటీబాడీతో ప్రోటీన్‌కు రంగు పట్టించడం) చాలని ఒకరు, పీసీఆర్ (జన్యు ముక్కను ఎన్నోరెట్లు పెంచి గుర్తించడం) చేయకపోతే ఎవరూ నమ్మరని ఒకరు, ఇన్ సిటు హైబ్రిడైజేషన్ (వైరస్ ఆర్‌ఎన్‌ఏను కణంలోనే ప్రోబుతో పట్టి చూపడం) తప్ప మిగతావన్నీ వృథా అని మరొకరు చెబుతున్నారు. నిధులు తక్కువ. కణజాలం అంతకంటే తక్కువ, కొన్ని బ్లాకుల్లో సూది ముక్క దారప్పోగులా మిగిలింది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

గాజుపలక:
ముందు పాత హెచ్ అండ్ ఇ (మామూలు స్టెయిన్ వేసిన) స్లైడులు తెప్పించుకుని మీ పాథాలజిస్టు పక్కన కూర్చుని చూడండి. ఖర్చు లేని పని ఇదొక్కటే, పరిశోధకులు ఎగ్గొట్టే పనీ ఇదే. పోర్టల్ ట్రాక్టుల్లో లింఫోసైట్లు గుండ్రటి ఫాలికిల్‌లా గుమిగూడటం, పిత్తనాళాల గోడలు దెబ్బతినడం, హెపటోసైట్లలో (కాలేయ కణాల్లో) కొవ్వు చేరడం, అక్కడక్కడా ఎర్రగా ముడుచుకుపోయిన మృతకణాలు కనిపిస్తే హెపటైటిస్ సి గుర్తుకు రావాలి. కొవ్వు మరీ ఎక్కువగా ఉంటే జెనోటైప్ 3 (వైరస్ రకాల్లో ఒకటి) అయ్యే అవకాశం ఉంది. మన దేశంలో ఎక్కువగా ఉన్నదీ అదే. అయితే ఇవన్నీ ఊహకు ఆధారాలు మాత్రమే. వీటిలో ఏ ఒక్కటీ వైరస్‌ను చూపించదు. ఆటోఇమ్యూన్ హెపటైటిస్ కూడా కొన్నిసార్లు ఇదే వేషం వేస్తుంది.

ఇక ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ సంగతి. హెపటైటిస్ బి అయితే నేనే చేయమనేవాణ్ణి. అక్కడ ఉపరితల యాంటిజెన్ కణం నిండా పేరుకుంటుంది, గ్రౌండ్ గ్లాస్ కణాలు మామూలు స్టెయిన్‌లోనే కనిపిస్తాయి, ఓర్సీన్ వేస్తే గోధుమరంగులో తేలతాయి. హెపటైటిస్ సి ప్రోటీన్లు అంత మోతాదులో ఉండవు. వైరస్ ప్రోటీన్లయిన కోర్‌కూ ఎన్‌ఎస్3కూ యాంటీబాడీలు అమ్ముతారు గానీ, రోజువారీ రోగనిర్ధారణకు అందరూ ఒప్పుకున్నది ఒక్కటీ లేదు. పైగా కాలేయంలో సహజంగానే బయోటిన్ మెండు. రంగును బయోటిన్ ద్వారా పట్టించే అవిడిన్-బయోటిన్ పద్ధతి వాడితే వైరస్ లేని కాలేయం కూడా చక్కగా గోధుమరంగు తిరుగుతుంది. ఆ ఫొటోలు పెట్టి పేపర్లు రాసినవాళ్లు ఉన్నారు. మీరు వాళ్లలో చేరవద్దు.

మైనస్_ఎనభై:
గాజుపలక గారి మాటతో ఏకీభవిస్తున్నాను. మీ దగ్గర ఉన్నవి పారఫిన్ బ్లాకులే అయినా పీసీఆర్ చేయగలరు, కాకపోతే హద్దులు ఎరిగి చేయాలి. బయాప్సీ తీసిన వెంటనే ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచిన కణజాలంతో దీన్ని పోల్చలేము. ఫార్మలిన్ ఆర్‌ఎన్‌ఏను ప్రోటీన్లతో ముడివేస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఆ పోగు ముక్కలవుతుంది. వైరస్ జీనోము సుమారు 9,600 న్యూక్లియోటైడ్లు ఉన్నా, బ్లాకు నుంచి మీ చేతికి వచ్చేవి మహా అయితే వంద రెండు వందల పొడవున్న తునకలు. అందుకని పీసీఆర్‌లో పెంచే భాగం వంద లోపు ఉండేట్టు ప్రైమర్లు (ఆ భాగం హద్దులకు అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) ఎంచుకోండి.

ఎక్కడి నుంచి అంటే 5 ప్రైమ్ చివర (జీనోము మొదట్లో) ఉన్న, ప్రోటీన్‌గా అనువాదం కాని భాగం నుంచి. అది సుమారు 341 న్యూక్లియోటైడ్ల పొడవు, జెనోటైప్ ఏదైనా పెద్దగా మారదు. రక్తంలో వైరల్ లోడు కొలిచే పరీక్షలు చాలావరకు దాన్నే పట్టుకుంటాయి. ఒక చిక్కు ఉంది. ఆ భాగం మడతలు పడి గట్టిగా ముడుచుకుని ఉంటుంది, కాబట్టి రివర్స్ ట్రాన్‌స్క్రిప్షన్‌కు (ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా కాపీ చేయడానికి) ముందు వేడిచేసి విప్పాలి.

రేపటి_థీసిస్:
ధన్యవాదాలు మైనస్_ఎనభై గారూ. మా ల్యాబ్‌లో ఉన్న సీడీఎన్‌ఏ (ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ చేసే) కిట్‌లో ఓలిగో డీటీ ప్రైమర్ ఇచ్చారు. ఒక బ్లాకు నుంచి ఆర్‌ఎన్‌ఏ తీసి దానితో పరీక్షిస్తే బీటా ఆక్టిన్ (మన కణాలన్నింటిలో ఉండే మామూలు జన్యువు) వచ్చింది, కాస్త ఆలస్యంగానైనా. అదే కిట్‌తో ముందుకు సాగవచ్చా?

మైనస్_ఎనభై:
వద్దు. ఓలిగో డీటీ అతుక్కోవాలంటే ఆర్‌ఎన్‌ఏ చివర పాలీ-ఎ తోక (ఎ అక్షరాల వరుస) ఉండాలి. మన కణాల మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏకు అది ఉంది, బీటా ఆక్టిన్ వచ్చింది. హెపటైటిస్ సి వైరస్‌కు పాలీ-ఎ తోక లేదు. దాని 3 ప్రైమ్ కొసన (జీనోము చివర) యూ, సీ అక్షరాల వరుస, ఆ తర్వాత 98 న్యూక్లియోటైడ్ల ఎక్స్ తోక ఉంటాయి. అంటే ఈ కిట్‌తో చేస్తే కంట్రోల్ (పరీక్ష సరిగా నడిచిందని చూపే బీటా ఆక్టిన్) అద్భుతంగా వస్తుంది, వైరస్ ఏ నమూనాలోనూ కనిపించదు. ‘వైరస్ లేదు’ అని రాసేస్తారు. రాండమ్ హెక్సామర్లు (ఎక్కడైనా అతుక్కునే ఆరక్షరాల ప్రైమర్లు) గానీ, 5 ప్రైమ్ భాగానికి సరిపడే ప్రత్యేక ప్రైమర్ గానీ వాడండి. తోక నుంచి తెగిపోయిన పారఫిన్ తునకలకు ఓలిగో డీటీ ఎలాగూ పనికిరాదు. మీ బీటా ఆక్టిన్ ఆలస్యంగా రావడానికి అదీ ఒక కారణం కావచ్చు.

ఆర్‌ఎన్‌ఏ తీసే క్రమం క్లుప్తంగా: పది మైక్రోమీటర్ల సెక్షన్లు, జైలీన్‌తో మైనం తొలగించడం, ఆల్కహాల్, 55 డిగ్రీల దగ్గర రాత్రంతా ప్రోటినేజ్ కె (ప్రోటీన్లను కరిగించే ఎంజైము), ఆ తర్వాత 80 డిగ్రీల దగ్గర పావుగంట. ఈ చివరి మెట్టు దాటేస్తే ఫార్మలిన్ ముడులు విడవవు. కంట్రోల్‌గా బీటా ఆక్టిన్‌తో పాటు మైక్రో ఆర్‌ఎన్‌ఏ-122 కూడా చూడండి. అది కాలేయ కణాల్లో పుష్కలంగా ఉంటుంది, చిన్నది కాబట్టి పాత బ్లాకుల్లోనూ నిలుస్తుంది. వైరస్ తన 5 ప్రైమ్ కొసకు దాన్నే అతికించుకుని బతుకుతుందన్నది అదనపు విశేషం. అయితే అది బాగా వచ్చిందని పొంగిపోవద్దు. పొడవైన ఆర్‌ఎన్‌ఏ నాశనమైన బ్లాకులో కూడా అది వస్తుంది. బీటా ఆక్టిన్ రాని బ్లాకును ‘నెగెటివ్’ లెక్కలో వేయకండి, ‘పరీక్షకు పనికిరానిది’ అని పక్కన పెట్టండి.

పాతకాపు:
హిస్టోపాథాలజీ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. చాలాకాలంగా చదవడమే తప్ప రాసింది తక్కువ. బ్లాకులు అనేసరికి ఉండబట్టలేదు.

అమ్మాయీ, మీ బ్లాకులు ఏ ఫిక్సేటివ్‌లో (కణజాలం చెడకుండా ఉంచే ద్రవంలో) పెట్టారో పాత రిజిస్టరులో చూశారా? మా రోజుల్లో కొందరు సర్జన్లు బయాప్సీని బోయిన్స్ అనే ద్రవంలో పంపేవారు. స్లైడు మీద అందంగా ఉంటుంది, ఆర్‌ఎన్‌ఏ మాత్రం మిగలదు. ఫార్మలిన్‌లో కూడా బఫర్ కలపనిది పుల్లబారుతుంది. రక్తం ఉన్నచోట స్లైడులో నల్లటి, గోధుమ రంగు పొడిలాంటి మచ్చలు కనిపిస్తే అది ఫార్మలిన్ పిగ్మెంటు. అలాంటి బ్లాకుల మీద రియేజెంట్లు ఖర్చుపెట్టే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

రెండోది కోత. పీసీఆర్‌కు సెక్షన్లు కోసేటప్పుడు బ్లాకు బ్లాకుకూ కొత్త బ్లేడు వేయాలి. పాత బ్లేడును కొంచెం పక్కకు జరిపి వాడటం మా అందరికీ అలవాటే, ఈ పనికి అది కుదరదు. మైక్రోటోమ్ (కోత యంత్రం) మీద రాలిన మైనపు రవ్వలు జైలీన్‌తో తుడవాలి. బ్రష్షు వాడకండి, ముందు బ్లాకు రవ్వ అందులోనే ఉంటుంది. గాలి తగిలిన మొదటి కొన్ని సెక్షన్లు పారేయండి. గొట్టంలోకి వెళ్లే సెక్షన్‌ను వాటర్ బాత్‌లో తేలేయవద్దు, ఫోర్సెప్స్‌తో చుట్టలా తీసి నేరుగా వేయండి. మూడు నాలుగు బ్లాకులకు ఒకసారి కణజాలం లేని ఖాళీ మైనపు బ్లాకును కోసి, దాన్నీ ఒక నమూనాలాగే చివరిదాకా నడపండి. అది పాజిటివ్ వస్తే ఆ రోజు కోసినవన్నీ చెత్తబుట్టలోకే.

గాజుపలక:
పాతకాపు గారి పోస్టును ప్రింటు తీసి మైక్రోటోమ్ పక్కన అంటించాలి. కోత గదిలో జరిగిన తప్పును ఆ తర్వాత ఏ యంత్రమూ సరిదిద్దలేదు.

సందేహాల_రావు:
ఇంతవరకు పద్ధతుల గురించే మాట్లాడారు. అసలు ప్రశ్న వేరు అనుకుంటాను. రక్తంలో యాంటీబాడీ లేదు, ఆర్‌ఎన్‌ఏ లేదు, కాలేయంలో మాత్రం వైరస్ ఉంది, ఇది సాధ్యమా? 2004లో మాడ్రిడ్‌కు చెందిన కాస్టియో, కరేన్యో బృందం సరిగ్గా ఈ థీసిస్ లాంటి పనే చేసింది. కారణం తెలియకుండా లివర్ ఫంక్షన్ పరీక్షలు చాలాకాలంగా తేడాగా వస్తున్న 100 మందిని తీసుకున్నారు. అందరికీ రక్తంలో యాంటీబాడీ నెగెటివ్, ఆర్‌ఎన్‌ఏ నెగెటివ్. కాలేయ కణజాలంలో చూస్తే 57 మందికి వైరస్ ఆర్‌ఎన్‌ఏ కనిపించింది. దానికే ‘ఆకల్ట్’, అంటే దాగి ఉన్న హెపటైటిస్ సి అని పేరు పెట్టారు. మీ గైడు గారి ఆలోచన వెనుక ఇదే ఉండి ఉంటుంది. కారణం తెలియని హెపటైటిస్ అని రాసి మూసేసిన ఫైళ్లు మన దగ్గర ఎన్ని ఉన్నాయో ఊహించండి.

గాజుపలక:
రావు గారూ, ఆ 57 గురించి ఇన్నేళ్లుగా వాదన నడుస్తూనే ఉంది. తర్వాత కొన్ని బృందాలకు దొరికింది, కొన్నింటికి దొరకలేదు. ఒకే వ్యాధి ఒక ల్యాబ్‌లో సగానికి పైగా రోగుల్లో ఉండి, మరో ల్యాబ్‌లో దాదాపు కనిపించకపోతే, నేను ముందు అనుమానించేది వైరస్‌ను కాదు, ల్యాబ్‌ను. 5 ప్రైమ్ భాగాన్ని ఏళ్ల తరబడి పీసీఆర్‌లో పెంచుతూ వచ్చిన గది గాలిలోనే ఆ తునకలు తిరుగుతుంటాయి. పైగా ఆ భాగం రోగికీ రోగికీ పెద్దగా మారదు కాబట్టి, సీక్వెన్సు చేసినా అది ఈ రోగిదా, నిన్నటి పాజిటివ్ కంట్రోల్‌దా అని తేల్చలేరు.

సందేహాల_రావు:
కాలుష్యం అనే మాటతో దేన్నయినా కొట్టిపారేయవచ్చు. ఆ బృందం పీసీఆర్‌తో ఆగలేదు, ఇన్ సిటు హైబ్రిడైజేషన్‌తో కణాల్లోనే సిగ్నల్ చూపించింది. నెగెటివ్ పోగు (వైరస్ ఆర్‌ఎన్‌ఏకు ఎదురు కాపీ) కూడా చూసింది. రక్తంలో లేనంత మాత్రాన కాలేయంలో లేదని ఎందుకు అనుకోవాలి? హెపటైటిస్ బి విషయంలో ఆకల్ట్ ఇన్‌ఫెక్షన్‌ను అందరూ ఒప్పుకున్నారు కదా.

మైనస్_ఎనభై:
రావు గారూ, హెపటైటిస్ బి పోలిక ఇక్కడ నిలవదు. అది హెపటోసైట్ కేంద్రకంలో సీసీసీడీఎన్‌ఏ (గుండ్రటి డీఎన్‌ఏ) రూపంలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. హెపటైటిస్ సికి డీఎన్‌ఏ దశే లేదు, కేంద్రకంలో దాక్కోదు, మన క్రోమోజోముల్లో కలవదు. కణంలో నిలవాలంటే నిరంతరం తనను తాను కాపీ చేసుకుంటూ ఉండాలి. ఆ పని ఆగితే అది మిగలదు. మందులతో పూర్తిగా నయం చేయగలగడానికి కారణం ఇదే.

ఈ గుణం వల్ల మీకో ఉచిత కంట్రోల్ కూడా దొరుకుతుంది. రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ (ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చే ఎంజైము) వేయకుండా ఒక గొట్టం నడపండి. వైరస్‌కు డీఎన్‌ఏ లేదు కాబట్టి అందులో స్పష్టమైన సిగ్నల్ వస్తే అది పాత పీసీఆర్ తునకో, ల్యాబ్‌లో వాడే ప్లాస్మిడ్ డీఎన్‌ఏనో అయి ఉండాలి. పాజిటివ్ వచ్చిన నమూనాల్లో కోర్ లేదా ఎన్‌ఎస్5బి జన్యుభాగం నుంచి ఇంకో చిన్న ముక్కను పెంచి సీక్వెన్సు చేయండి. ఆ భాగాలు రోగికీ రోగికీ మారతాయి. అన్నింటిలో ఒకే వరుస వస్తే గాజుపలక గారి అనుమానం నిజమైనట్టే.

నెగెటివ్ పోగు విషయం. వైరస్ కణంలో పెరుగుతున్నదనడానికి మంచి సాక్ష్యం అదే, ఎందుకంటే కాపీ జరిగేటప్పుడే ఆ పోగు పుడుతుంది. కానీ అది పాజిటివ్ పోగు కంటే కనీసం పదిరెట్లు తక్కువ. మామూలు రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ తక్కువ ఉష్ణోగ్రతలో ప్రైమర్ లేకుండానే పాజిటివ్ పోగును కాపీ చేసి మభ్యపెడుతుంది. తోక తగిలించిన ప్రైమరు, అధిక ఉష్ణోగ్రతలో పనిచేసే ఎంజైము లేకుండా ‘నెగెటివ్ పోగు దొరికింది’ అంటే నేను నమ్మను. పారఫిన్ బ్లాకులో అయితే ఆ ప్రయత్నమే వద్దంటాను.

గోదారి_గట్టు:
నేను వైద్యరంగం వాణ్ణి కాదు, మన్నించాలి. వెతుకుతుంటే ఈ చర్చ కనబడింది. మా నాన్నగారికి హెపటైటిస్ సికి మందులు వాడారు. కోర్సు అయిపోయాక వైరస్ లేదన్నారు. కానీ మొన్న కంటి ఆపరేషన్‌కు ముందు చేసిన పరీక్షలో మళ్లీ పాజిటివ్ అని వచ్చింది. ఇక్కడ రావు గారి పోస్టు చదివాక భయం వేస్తోంది. కాలేయంలో దాక్కుని ఉందేమో, బయాప్సీ చేయించాలా?

తూర్పు_తీరం:
గోదారి_గట్టు గారూ, ముందుగా కంగారు పడకండి. నేను అమెరికాలో కాలేయ మార్పిడి విభాగంలో పనిచేస్తున్నాను. ఆపరేషన్‌కు ముందు చేసేది సాధారణంగా యాంటీబాడీ పరీక్ష. ఒకసారి ఇన్‌ఫెక్షన్ వస్తే, నయమయ్యాక కూడా ఆ యాంటీబాడీ ఏళ్ల తరబడి ఉంటుంది. నాన్నగారికి మళ్లీ పాజిటివ్ రావడంలో వింత లేదు. చూడవలసింది ఆర్‌ఎన్‌ఏ. కోర్సు ముగిసిన 12 వారాల తర్వాత చేసిన ఆర్‌ఎన్‌ఏ పరీక్షలో వైరస్ లేకపోతే నయమైనట్టు లెక్క. ఆ రిపోర్టు ఉంటే కంటి డాక్టరు గారికి చూపించండి. లేకపోతే ఇప్పుడు ఒకసారి ఆర్‌ఎన్‌ఏ చేయించండి. బయాప్సీ అవసరం లేదు. ప్రభుత్వ జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018 జూలై 28న మొదలైంది, దాని కేంద్రాల్లో పరీక్ష, మందులు ఉచితం.

అయితే ఒక మాట. మందు మొదలుపెట్టే నాటికే ఆయనకు సిరోసిస్ (కాలేయం మచ్చలుపడి గట్టిపడటం) ఉందని చెప్పి ఉంటే, వైరస్ పోయినా ఆరు నెలలకోసారి కడుపు అల్ట్రాసౌండ్ మానకూడదు. ఆ దశకు చేరినవారికి కాలేయ క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. యాంటీబాడీ ఉంది కదా అని రక్షణ ఉందనుకోవద్దు, మళ్లీ సోకవచ్చు.

ఇక దాక్కోవడం గురించి. దీనికి అసలైన పరీక్ష మార్పిడి శస్త్రచికిత్సలోనే జరిగింది. 2015లో వెలువడిన కర్రీ బృందం అధ్యయనంలో, మార్పిడికి ముందు సోఫోస్‌బువిర్, రైబవిరిన్ అనే వైరస్ మందులు ఇచ్చారు. శస్త్రచికిత్స నాటికి రక్తంలో వైరస్ మిల్లీలీటరుకు 25 యూనిట్లకు లోపు ఉన్నవారు 43 మంది. వారిలో 30 మందికి కొత్త కాలేయంలో వైరస్ రాలేదు, 10 మందికి తిరిగి వచ్చింది, ముగ్గురు మరణించారు. ఆ పదిమందికి రక్తంలో కనబడకపోయినా ఒంట్లో ఎక్కడో ఉందనే కదా అర్థం? కానీ మార్పిడికి ముందు రక్తంలో వైరస్ కనిపించకుండా వరుసగా 30 రోజులకు పైగా గడిచినవారిలో తిరిగి రావడం చాలా అరుదు. అంటే చికిత్స సగంలో ఉన్నప్పుడు రక్తం కంటే కాలేయం వెనుకబడుతుంది. తగినంతకాలం అదుపులో ఉంచితే కాలేయమూ ఖాళీ అవుతుంది. రావు గారూ, మీరన్నది పూర్తిగా తప్పని నేను అనడం లేదు. కానీ నయమైన మనిషికి దాన్ని చెప్పి భయపెట్టకూడదు.

గోదారి_గట్టు:
చాలా ధన్యవాదాలు డాక్టరు గారూ. పన్నెండు వారాల రిపోర్టు ఫైలులో దొరికింది, ఆర్‌ఎన్‌ఏ లేదనే ఉంది. సిరోసిస్ అని ఎక్కడా రాయలేదు, అయినా ఒకసారి మా డాక్టరును అడుగుతాను. మందు హైదరాబాదు కంపెనీదే, నాన్నగారు అది మాత్రం గర్వంగా చెప్పుకుంటారు.

తూర్పు_తీరం:
చెప్పుకోవలసిందే. సోఫోస్‌బువిర్ అమెరికాలో 2013 డిసెంబరులో అనుమతి పొందినప్పుడు మాత్ర ఒక్కటి వెయ్యి డాలర్లు. లైసెన్సుతో దాన్ని చౌకగా తయారుచేసిన కంపెనీల్లో హెటిరో, నాట్కో హైదరాబాదువే.

నిర్వాహకుడు:
గోదారి_గట్టు గారి ప్రశ్నకు సమాధానం దొరికింది. వ్యక్తిగత చికిత్స ప్రశ్నలకు ‘రోగులు, కుటుంబాలు’ విభాగంలో విడిగా పోస్టు పెట్టగలరు. ఇక్కడ కణజాల పరీక్షల మీద చర్చ కొనసాగించండి.

రేపటి_థీసిస్:
ఇంత చదివాక నా ప్రశ్నే మారిపోయింది. పీసీఆర్‌లో పాజిటివ్ వచ్చినా అది కణంలోని వైరస్సా, బయాప్సీ ముక్కలో చిక్కుకున్న రక్తంలోని వైరస్సా అని ఎలా తెలుస్తుంది? దానికైనా ఇన్ సిటు హైబ్రిడైజేషన్ చేయాలా?

గాజుపలక:
చివరికి సరైన ప్రశ్న అడిగారు. రక్తంలో వైరస్ ఉన్నవారి ముక్కలో రక్తం నుంచి వచ్చినదీ కలుస్తుంది, దాన్ని పీసీఆర్ విడదీయలేదు. రక్తం నెగెటివ్ ఉన్న మీ రెండో గుంపులో ఆ బాధ తక్కువ. కణంలో ఉందని చూపాలంటే మాత్రం ఇన్ సిటు ఒక్కటే దారి. ఇప్పుడు సిగ్నల్‌ను కొమ్మలు కొమ్మలుగా పెంచే జంట ప్రోబులు వచ్చాయి, పాత రేడియోధార్మిక ప్రోబుల కంటే ఎంతో మేలు. ఫ్లోరెసెంట్ రకం తీసుకోవద్దు. వయసు మళ్లిన కాలేయంలో లైపోఫ్యూసిన్ అనే రంగుపదార్థం తనంతట తానే వెలుగుతుంది, వైరస్ అనుకుని చుక్కలు లెక్కపెడతారు. రంగు చుక్క ఇచ్చే రకం చాలు.

ఇంకొక సంగతి. వైరస్ ఉన్న కాలేయంలో కూడా అన్ని కణాలూ సోకవు. ఒక్కో కణాన్నీ విడిగా చూసిన అధ్యయనాల్లో రోగిని బట్టి కొద్ది శాతం నుంచి సగం దాకా తేడా కనిపించింది. అదీ గుంపులు గుంపులుగా, ఒక్కో కణంలో కొద్ది కాపీలే. సూది ముక్క మొత్తం కాలేయంలో యాభైవేలవ వంతు అంటారు. ఆ ముక్క ఖాళీ చోట నుంచి వచ్చిందా అన్నది మీకు తెలియదు. నెగెటివ్ అని రాసేటప్పుడు ‘ఈ ముక్కలో, ఈ పద్ధతితో’ అని కలిపి రాయండి.

మైనస్_ఎనభై:
పాజిటివ్ కంట్రోల్‌కు రోగి బ్లాకునే నమ్ముకోకండి. వైరాలజీ ల్యాబ్‌తో పరిచయం ఉంటే జేఎఫ్‌హెచ్-1 (ల్యాబ్‌లో పెంచే హెపటైటిస్ సి) వైరస్ గానీ రెప్లికాన్ (కణంలో తనను తాను కాపీ చేసుకునే వైరస్ ఆర్‌ఎన్‌ఏ) గానీ ఉన్న హుహ్-7 అనే కాలేయ క్యాన్సర్ కణాలు అడగండి. వాటిని గుళికగా చేసి, ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో బ్లాకు చేయించండి. వైరస్ లేని హుహ్-7 బ్లాకు ఇంకొకటి. రెండూ ప్రతి విడతలో నడవాలి. జేఎఫ్‌హెచ్-1 జెనోటైప్ 2ఎ. మీ రోగుల్లో అది ఎక్కువగా ఉండే అవకాశం లేదు కాబట్టి, కోర్ సీక్వెన్సులో 2ఎ కనిపిస్తే ముందుగా కంట్రోల్‌నే అనుమానించవచ్చు.

రేపటి_థీసిస్:
ఇది చాలా ఉపయోగపడే ఆలోచన. ఇప్పుడు నేను అనుకుంటున్నది: ముందు రక్తంలో పాజిటివ్ ఉన్నవారి బ్లాకులతో మొదలుపెట్టి, వాటిలో ఎన్నింటిలో ఆర్‌ఎన్‌ఏ దొరుకుతుందో చూస్తాను. అక్కడ సగమూ దొరక్కపోతే కారణం తెలియని గుంపు జోలికి వెళ్లను. బీటా ఆక్టిన్ రానివి తొలగిస్తాను. పాజిటివ్ వచ్చినవాటికే ఇన్ సిటు. ఎథిక్స్ కమిటీ దగ్గర మిగులు నమూనాలకు రోగి అంగీకారం నుంచి మినహాయింపు అడుగుతున్నాం, పేర్లు తొలగించి.

సందేహాల_రావు:
రెండో గుంపును అంత తేలిగ్గా వదలకండి. అయినా మీ క్రమం సరైనదేనని ఒప్పుకుంటాను. పాజిటివ్ వస్తే మొదట ఇక్కడే చెప్పండి.

గాజుపలక:
ఖాళీ మైనపు బ్లాకు పాజిటివ్ వచ్చినా ఇక్కడే చెప్పండి.

పాతకాపు:
ఇంకొకటి అమ్మాయీ. దారప్పోగులాంటి ముక్క ఉన్న బ్లాకును రెండుసార్లు మైక్రోటోమ్‌కు ఎక్కించవద్దు. ఎక్కించిన ప్రతిసారీ తలం సరిచేయడానికి కోసే సెక్షన్లలోనే ముక్క అయిపోతుంది. ఒకే కూర్చోబెట్టడంలో మొదట ఒక హెచ్ అండ్ ఇ, ఆ తర్వాత పీసీఆర్ చుట్టలు, ఆ వెంటనే ఇన్ సిటుకు చార్జ్డ్ (కణజాలం గట్టిగా అంటుకునే) స్లైడుల మీద పలుచటి సెక్షన్లు, చివర మళ్లీ ఒక హెచ్ అండ్ ఇ తీసి పెట్టుకోండి. ఆ స్లైడులకు మాత్రం వాటర్ బాత్ తప్పదు కాబట్టి, బ్లాకు మారినప్పుడల్లా అందులో నీళ్లు మార్చండి. చివరి స్లైడులో కాలేయం కనిపించకపోతే మధ్యలో తీసిన చుట్టల్లో కూడా ఉండకపోవచ్చు. అలాంటి బ్లాకు ఫలితం లెక్కలోకి తీసుకోవద్దు.